షుగర్ చూసేవాళ్ళు నోరు కూడా చూడాలి

పొద్దున పళ్ళు తోముకొని ఉమ్మినప్పుడు ఎర్రగా కనిపిస్తోందా? మీకు లేకపోతే మీ ఇంట్లో అమ్మకో, బాపుకో, పెద్దనాయినకో ఉందేమో ఈ రోజు ఒకసారి అడగండి. "ఎప్పుడూ వచ్చేదేలే" అన్న జవాబే ఎక్కువగా వస్తది. కాలికి ముల్లు గుచ్చుకొని రక్తం వస్తే పసుపు పెడతం, గుడ్డ కడతం. అదే రక్తం నోట్లో నుంచి నెలల తరబడి వస్తుంటే పుక్కిలించి ఉమ్మేసి చాయ్ తాగుతం. నొప్పి లేదు కదా అని. ఈ జబ్బుతో చిక్కే అది. పన్ను కదిలేదాకా చాలామందికి నొప్పి తెలియదు.

పోడు పట్టాలు, ఆశ్రమ పాఠశాలలు, ఉద్యోగాల మీద సంపాదకీయాలు చదివే మీకు చిగుళ్ళ మీద సంపాదకీయం ఏందని అనిపించొచ్చు. దీనికి మన భూమితో, మన కంచంతో సంబంధం ఉంది. కింద చెప్తా. నేను డాక్టర్‌ని కాదు, డిగ్రీ చదివి గూడేనికి తిరిగొచ్చిన మనిషిని. అందుకే ఇక్కడ రాసేది నా సొంత వైద్యం కాదు, పరిశోధకులు కొలిచి, చూసి, అచ్చేసినది.

ముందు షుగర్ సంగతి. "అది కూర్చొని తినే పట్నపోళ్ళ జబ్బు, కష్టం చేసేటోళ్ళకు రాదు" అని మన పెద్దలు ఇప్పటికీ అంటరు. ఐసీఎంఆర్ దేశమంతా తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చినయ్. దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్లకు పైగా మంది దాని గడప మీద ఉన్నారు. షుగర్ పట్నాల్లో ఎక్కువే, కానీ గడప మీద నిలబడినవాళ్ళ లెక్కలో పల్లెకూ పట్నానికీ తేడా లేదు. అంటే రేపటి పల్లె ఎట్లుంటదో ఈ రోజే తెలుస్తోంది.

సన్నగా ఉన్నోళ్ళకు షుగర్ రాదన్నది కూడా నిజం కాదు. చిన్నప్పటి నుంచి సరైన తిండి లేక బక్కగా పెరిగినవాళ్ళలో ఒక రకం షుగర్ వస్తదని వెల్లూరు సీఎంసీ డాక్టర్లు ఏళ్ళ తరబడి పనిచేసి చూపించారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మహాసభ దానికి 'టైప్ 5' అని పేరు పెట్టింది. ఆకలి చూసిన ఇళ్ళు మనవి. కాబట్టి "నాకు పొట్ట లేదు, నాకేం షుగర్" అనే ధైర్యం మనకు పనికిరాదు.

ఇక నోరు. పళ్ళ మీద రోజూ ఒక జిగట పొర కడుతది, దాన్నే పాచి అంటం. అది ఉత్త మురికి కాదు, లెక్కలేనన్ని సూక్ష్మజీవుల గూడు. రోజూ తీసేయకపోతే ఉమ్మిలో ఉండే ఖనిజాలు పట్టి గట్టిపడి గార అయితది. గార చిగురు అంచు కిందికి పాకితే శరీరం దాంతో కొట్లాటకు దిగుతది. చిగురు వాస్తది, ఎర్రబడ్తది, పుల్ల తగిలితే రక్తం వస్తది. ఈ దశలో గార తీయించి సరిగ్గా తోముకుంటే చిగురు మళ్ళీ మామూలైతది. వదిలేస్తే పంటికీ చిగురుకూ మధ్య సందు పడ్తది, సందులో చీము చేరుతది, కింద పన్ను పట్టుకొని ఉన్న ఎముక కరిగిపోతది. కరిగిన ఎముక మళ్ళీ పూర్తిగా పెరగదు. పాత రోజుల్లో గోడల మీద, పళ్ళపొడి ప్రకటనల్లో 'పయోరియా' అని రాసేవాళ్ళు, అది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇది ముదిరినవాళ్ళు ప్రపంచంలో 100 కోట్లకు పైనే ఉన్నారు.

ఆ సందుల లోపలి గోడ పచ్చి పుండు. చిగుళ్ళ జబ్బు ఉన్న మనిషి నోట్లో ఉన్న అలాంటి పుండునంతా పరిచి కొలిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటదని 2001లో ఒక లెక్క కట్టారు. అరచేతంత అని కొందరు చెప్తరు, అది కొంచెం పెంచి చెప్పడం. అగ్గిపెట్టె మీద బొమ్మ ఉండే మేర అనుకోండి. కాలి మీద అంత పుండు సంవత్సరాల తరబడి మానకుండా ఉంటే ఇంట్లో ఎవరన్నా ఊరుకుంటరా? నోట్లో ఉంది కాబట్టి కనపడదు, అంతే.

ఆ పుండులో నుంచి సూక్ష్మజీవులు, వాపు పుట్టించే రసాయనాలు రోజూ రక్తంలోకి పోతుంటయ్. అన్నం తిన్నాక రక్తంలోకి చేరిన చక్కెరను కండల్లోకి పంపడం ఇన్సులిన్ పని. ఒంట్లో ఎక్కడన్నా వాపు ఆరకుండా ఉంటే, ఆ రసాయనాల వల్ల కండలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తయ్. చక్కెర రక్తంలోనే నిలబడిపోతది. ఇది ఒక వైపు. రెండో వైపు, రక్తంలో చక్కెర ఎక్కువైతే చిగుళ్ళలోని సన్న నాళాలు చెడిపోతయ్, తెల్ల రక్తకణాల బలం తగ్గుతది, పుండు మానడం ఆలస్యమైతది, నోరు ఎండిపోయి పాచి ఇంకా పేరుకుంటది. షుగర్ చిగురును చెడగొడ్తది, చెడిన చిగురు షుగర్‌ను పెంచుతది. కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, గుండె, కాళ్ళ పుండ్లు అంటూ షుగర్ తెచ్చే ముప్పుల జాబితా డాక్టర్ల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త 1993లో చిగుళ్ళ జబ్బును ఆ వరుసలో ఆరోదిగా చేర్చమన్నాడు. ముప్పై ఏళ్ళు దాటింది. కళ్ళు చూపించుకోమని చెప్పే డాక్టర్లు చాలామంది ఉన్నారు, నోరు తెరవమనేవాళ్ళు తక్కువ.

ఇదంతా మొదట అంత గట్టిగా తేలింది ఎక్కడో తెలుసా? ఆదివాసుల మీదనే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో గిలా నది ఒడ్డున పీమా అనే తెగ ఉంది. వాళ్ళు తమను తాము అకిమెల్ ఓఓధమ్ అని పిలుచుకుంటరు, నది మనుషులు అని అర్థం. వందల ఏళ్ళుగా కాలువలు తవ్వి ఎడారిలో మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి పండించిన జనం. 1870ల నుంచి ఎగువన తెల్లవాళ్ళు వచ్చి దిగి నది నీళ్ళను తమ పొలాలకు మళ్ళించుకున్నారు. ఆ శతాబ్దం చివరికి పీమాల కాలువలు ఎండిపోయినయ్, కరువు వచ్చింది. సొంత పంట పోయిన చోట సర్కారు రేషన్ వచ్చింది: తెల్ల గోధుమ పిండి, చక్కెర, పంది కొవ్వు, డబ్బాల తిండి. రెండు మూడు తరాలు గడిచేసరికి వాళ్ళ పెద్దల్లో దాదాపు సగం మందికి షుగర్. ప్రపంచంలోనే అంత ఎక్కువ షుగర్ ఉన్న జనం అరుదు.

1965 నుంచి అమెరికా సర్కారు పరిశోధకులు వాళ్ళను వరుసగా పరీక్షించారు. పళ్ళు కూడా చూశారు. 1990లో అచ్చయిన లెక్క ఏం చెప్పిందంటే, షుగర్ ఉన్న పీమాలకు చిగుళ్ళ జబ్బు కొత్తగా రావడం షుగర్ లేనివాళ్ళ కంటే 2.6 రెట్లు ఎక్కువ. 1996లో తిరుగు ప్రశ్న వేశారు: చిగుళ్ళు బాగా చెడినవాళ్ళకు షుగర్ అదుపు తప్పుతుందా? తప్పుతది అనే తేలింది. 2005లో వచ్చినది అన్నిటికంటే బరువైన లెక్క. షుగర్ ఉన్న 628 మందిని సుమారు 11 ఏళ్ళు వెంట ఉండి చూస్తే, చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళు గుండె జబ్బుతో, మూత్రపిండాలు చెడి చనిపోవడం మిగతావాళ్ళ కంటే 3.2 రెట్లు ఉంది. వయసు, ఎన్నాళ్ళుగా షుగర్ ఉంది, పొగతాగే అలవాటు వంటివి లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా.

మరి ఇది పీమాల రక్తంలోనే ఉన్న లోపం అందామా? చాలాకాలం అట్లనే అన్నారు. 'వాళ్ళ జన్యువులు అంతే' అనేది అందరికీ సుఖమైన జవాబు, నది ఎవరు తీసుకున్నారని అడగాల్సిన పని ఉండదు కదా. కానీ సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో ఇంకో పీమా జనం ఉన్నారు. రక్త సంబంధం దగ్గరిదే. వాళ్ళు చేను దున్నుకుంటరు, సొంత పంట తింటరు, కాలినడకన తిరుగుతరు. రెండు చోట్లా కొలిచి 2006లో ప్రచురించారు. అరిజోనా పీమాల్లో షుగర్ 38 శాతం, మెక్సికో పీమాల్లో 6.9 శాతం. ఒకటే మూలం, వేరే కంచం. జన్యువులకు పాత్ర లేదని కాదు. కానీ ఈ తేడాను జన్యువుల మీదకు నెట్టలేం. గిలా నది జనం నీళ్ళ కోసం దశాబ్దాలు కొట్లాడితే 2004లో అమెరికా చట్టం చేసి వాళ్ళ నీటి హక్కు ఒప్పుకుంది. ఇప్పుడు వాళ్ళ కాలువల్లోకి నీళ్ళు మళ్ళీ వస్తున్నయ్.

ఈ కథ చదివినప్పుడు మీకు ఆదిలాబాద్ గుర్తొచ్చిందా? నాకొచ్చింది. మన దగ్గర నది మళ్ళలేదు, చేను మళ్ళింది. మన తాతల చేన్లలో జొన్నే పెద్ద పంట. జొన్న రొట్టె, జొన్న గటుక, కంది పప్పు, అడవిలో దొరికే ఆకుకూర, ఇప్పపువ్వు. ఇప్పుడు ఉట్నూరు నుంచి ఏ దిక్కు పోయినా పత్తి. పత్తి తినలేం. అమ్మి, అప్పు కట్టి, మిగిలిన దాంతో సంతలో కొనుక్కుంటం. కంచంలోకి రేషన్ బియ్యం వచ్చింది. 2025 ఉగాది నుంచి మన రాష్ట్రంలో మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. బియ్యాన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు, రేషన్ లేని రోజుల ఆకలి మన అవ్వల నోట విన్నం. నా ప్రశ్న ఒక్కటే: కంచంలో బియ్యం తప్ప ఇంకోటి ఎందుకు లేకుండా పోయింది? 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం 3 రూపాయలు, గోధుమ 2 రూపాయలు, జొన్న, సజ్జ, రాగి లాంటివి కిలో 1 రూపాయి అని రాసి ఉంది. ఇప్పుడు ధాన్యం ఉచితమే. చట్టంలో జొన్న ఉంది. రేషన్ దుకాణంలో మీరు ఎన్నిసార్లు చూశారు?

(జొన్న తింటే షుగర్ పోతదని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. జొన్న కూడా పిండిపదార్థమే. పీచు ఎక్కువ, నమలాలి, మెల్లగా అరుగుతది, కడుపు నిండినట్టు ఉంటది. అంతవరకే. షుగర్ గోలీ ఆపి జొన్న రొట్టె తింటే ప్రాణం మీదికొస్తది.)

నమలడం అన్నాను కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. జొన్న రొట్టె తినాలంటే పళ్ళు కావాలి. మాంసం, కాల్చిన కంకి, శనగలు, పచ్చి కూరగాయ, అన్నిటికీ పళ్ళు కావాలి. మీ గూడెంలో దవడ పళ్ళు ఊడిపోయిన ఒక పెద్దమనిషి రోజంతా ఏం తింటున్నాడో గమనించండి. మెత్తగా ఉడికిన అన్నంలో పప్పునీళ్ళు. చాయ్‌లో ముంచిన బిస్కట్. మళ్ళీ చాయ్, చక్కెర దండిగా. షుగర్ ఉన్న మనిషి తినకూడనివి ఏవో సరిగ్గా అవే ఆయన తినగలిగినవి. డాక్టర్ 'అన్నం తగ్గించు, రొట్టె తిను' అని రాసిస్తడు, నోట్లో పన్ను ఉందో లేదో చూడకుండా. తినలేని సలహా ఇచ్చి, తర్వాత 'ఈళ్ళు చెప్పిన మాట వినరు' అంటరు. పన్ను ఊడడం అందానికి సంబంధించిన విషయం అనుకుంటం. అది తిండికి సంబంధించిన విషయం, దాని వెంటే షుగర్.

తంబాకు గురించి రాయకుండా ఈ వ్యాసం ముందుకు పోదు. ఖైనీ, గుట్కా, బీడీ, చుట్ట. మహారాష్ట్రలో, సరిహద్దు వెంబడి కూడా, కాల్చిన పొగాకు పొడి మిశ్రితో పళ్ళు తోముకునే ఆడవాళ్ళు ఉన్నారు. శ్రీకాకుళం వైపు చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు మీద 1971లోనే పది వేల మందికి పైగా గ్రామస్తులను పరీక్షించి, అంగిట్లో వచ్చే మచ్చలూ పుండ్ల గురించి రాశారు. క్యాన్సర్ సంగతి అందరికీ తెలుసు కాబట్టి తెలియనిది చెప్తా. పొగ తాగేవాళ్ళ చిగుళ్ళకు రక్తప్రసరణ తగ్గుతది, అందుకని చిగురు జబ్బు ముదురుతున్నా రక్తం అంతగా కారదు. 'నాకు రక్తం రావట్లేదు, నా పళ్ళు గట్టివే' అనుకునే బీడీ తాగే అన్నకు లోపల ఎముక కరుగుతూ ఉండొచ్చు. పొగ షుగర్ వచ్చే అవకాశాన్ని కూడా పెంచుతది.

ఈ మధ్య మా దగ్గరి బంధువు, యాభై దాటిన చిన్నమ్మను ఒక సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. ఏ దవాఖానో అవసరం లేదు. మూడేళ్ళుగా షుగర్, గోలీలు వేస్తున్నా దిగట్లేదు. డాక్టర్ మంచి మనిషే, విసుక్కోలేదు. గోలీ మోతాదు పెంచాడు. చిన్నమ్మ మాట్లాడుతుంటే నోటి నుంచి వాసన, ముందు పళ్ళు రెండు ఊగుతున్నయ్. టేబుల్ అవతల కూర్చున్న మనిషికి కూడా తెలుస్తది. ఆయన ఆ మాటే ఎత్తలేదు. నేనే అడిగాను, చిగుళ్ళు కూడా చూడరా అని. "అది పళ్ళ డాక్టర్ పని" అన్నాడు. పళ్ళ డాక్టర్ ఎక్కడ? ఆ రోజు లేడు. వేరే ఊళ్ళో ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. పోయి రావడానికి ఒక రోజు కూలి, ఆటో, బస్సు. చిన్నమ్మ "ఊడితే ఊడనియ్ బిడ్డా" అంది. ఆమె మాటలో నిర్లక్ష్యం లేదు, లెక్క ఉంది. రోజు కూలికి రెండు పళ్ళు.

గార తీయిస్తే షుగర్ నిజంగా దిగుతదా? ఈ ప్రశ్నకు జవాబు నిజాయితీగా చెప్పాలి, ఎక్కువ చేసి చెప్తే రేపు మనల్నే నమ్మరు. 2013లో అమెరికాలో 514 మంది మీద చేసిన పెద్ద ప్రయోగంలో తేడా ఏమీ కనపడలేదు. ఆ ప్రయోగంలో చిగుళ్ళ వైద్యమే సరిగ్గా కుదరలేదని విమర్శలు వచ్చినయ్. తర్వాత 2022లో కోక్రేన్ అనే సంస్థ 35 ప్రయోగాలను కలిపి చూసింది. చిగుళ్ళకు సరైన వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 మేర తగ్గింది, ఏడాది దగ్గర 0.5. చిన్న అంకెలా ఉంది కదా? షుగర్‌కు రెండో గోలీ కలిపితే వచ్చే లాభానికి కొంచెం తక్కువగా, దాని దరిదాపుల్లో ఉంటది ఇది. గోలీ మానేయొచ్చని కాదు. గోలీ పనిచేయడానికి దారి సాఫ్ అయితదని. పేదరికం, పొగాకు, తిండి ఈ రెండు జబ్బులకూ వెనకాల ఒకటే ఉన్నయ్ కాబట్టి కొంత సంబంధం వాటి వల్ల కనిపిస్తుందనే వాదన కూడా సరైనదే. అయినా వైద్యం చేసి చూసినప్పుడు షుగర్ దిగడం ఉత్త యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ మన పిల్లలు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఒక ముక్క ఉంది. హెచ్‌బీఏ1సీ అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష. 6.5 దాటితే షుగర్ అంటరు, 5.7 నుంచి 6.4 దాకా గడప. ఈ పరీక్ష ఎర్ర రక్తకణాల మీద ఆధారపడి ఉంటది. మన గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ ఉంది. సికిల్ జబ్బు ఉన్నవాళ్ళ ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతయ్, చక్కెర పట్టేంత కాలం బతకవు. అందుకని లోపల షుగర్ ఎక్కువున్నా రిపోర్టులో తక్కువ చూపించొచ్చు. సికిల్ లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళలో కూడా తేడా రావొచ్చు. ఇనుము లోపంతో రక్తం తక్కువ ఉన్నవాళ్ళకు ఉల్టా, ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. కాబట్టి మీకు సికిల్ ఉందని తెలిస్తే ఆ ముచ్చట ముందే చెప్పి, పరగడుపున చేసే రక్త పరీక్ష, తిన్న రెండు గంటలకు చేసే పరీక్ష అడగండి. పరగడుపున 126, అంతకంటే ఎక్కువ వస్తే షుగర్ కింద లెక్క, ఇంకోసారి చేసి ఖాయం చేసుకోవాలి. 2023 జులై 1న మధ్యప్రదేశ్ షహడోల్‌లో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద ఇచ్చిన కార్డు ఉంటే వెంట తీసుకుపోండి. పన్ను పీకించుకునేటప్పుడు కూడా ఆ కార్డు చూపించాలి, డాక్టర్ జాగ్రత్తలు వేరే తీసుకోవాల్సి ఉంటది.

ఇంట్లో మనం చేసుకోగలిగింది ఉంది. వేప పుల్ల, కానుగ పుల్ల చెడ్డవి కావు. కొస బాగా నమిలి కుంచెలా చేసి, చిగురు అంచున మెల్లగా, నోటి లోపలి వైపు కూడా తిప్పితే పాచి పోతది. గట్టిగా రుద్దితే చిగురు కిందికి జారుతది. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక మాత్రం వద్దు, అవి పన్ను పైపొరను అరగదీస్తయ్. బ్రష్ వాడితే మెత్తటిది, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, పడుకునే ముందు తప్పకుండా. రాత్రి తోముకోవడం మన దగ్గర అలవాటు లేదు, అదే ముఖ్యం. అయితే గట్టిపడిన గార పుల్లతో పోదు, బ్రష్‌తో పోదు, లవంగ నూనెతో పోదు. దంత వైద్యుడే తీయాలి. 'క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైతయ్' అంటరు. ఎముక ముందే కరిగిపోయి, గార గోడలా పట్టుకొని నిలబెట్టిన పన్ను గార తీయగానే ఊగినట్టు అనిపిస్తది. గార దాన్ని కాపాడలేదు, దాచింది. పై పన్ను పీకితే కన్ను పోతదన్నది కూడా ఉత్త భయం. షుగర్ ఉన్నవాళ్ళు పళ్ళ డాక్టర్ దగ్గరికి పొద్దున్నే, తిని, రోజువారీ గోలీ వేసుకొనే పోవాలి. పరగడుపున గోలీ వేసుకొని క్యూలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు ఉన్నారు.

సర్కారు నుంచి అడగాల్సింది కొత్త పథకం కూడా కాదు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్ష చేసే కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. ఆశా అక్క ఇంటికొస్తది, ఫారం నింపుతది. వేలి నుంచి చుక్క తీస్తరు, బుగ్గ లోపల పుండు ఉందా అని చూస్తరు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే నోరు. బుగ్గ చూసిన కళ్ళతో చిగురు కూడా చూడమని అడుగుదాం. రక్తం వస్తోందా, పన్ను కదులుతోందా అన్న రెండు ప్రశ్నలు. షుగర్ ఉండి ఆ రెండింట్లో ఒకటి ఉన్నా పళ్ళ డాక్టర్‌కు చీటీ రాయాలి. ఉల్టా కూడా, పళ్ళ డాక్టర్ దగ్గరికి చిగుళ్ళు చెడి వచ్చిన ప్రతి పెద్దమనిషికీ షుగర్ చూడాలి. దేశంలో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15 నుంచి ఉంది. దాని కింద మన మండలాల్లో దంత వైద్యుడి కుర్చీ ఎక్కడెక్కడ ఉంది, డాక్టర్ వారంలో ఎన్ని రోజులు వస్తున్నాడు, గార తీసే యంత్రం పనిచేస్తుందా, ఈ మూడూ సమాచార హక్కు కింద అడగొచ్చు. ఆఖరిది మర్చిపోకండి. కుర్చీ ఉండి, డాక్టర్ ఉండి, యంత్రం చెడిపోయిన చోట పన్ను పీకడం తప్ప వేరే వైద్యం జరగదు.

చీటీ రాస్తే సరిపోదు, చిన్నమ్మ లెక్క గుర్తుంచుకోండి. కూలి పోకుండా పోగలిగేది సంత రోజే. పళ్ళ డాక్టర్ ఉన్న వ్యాను నెలకు ఒక సంతకు వచ్చి అక్కడే గార తీస్తే, షుగర్ చూస్తే, మన వాళ్ళు వస్తరు. వైద్యం గోండీ, కొలామీ తెలిసిన మనిషి పక్కనుండి జరగాలి. నోరు తెరవమని తెలియని భాషలో అరిస్తే మా అవ్వ నోరు ఇంకా గట్టిగా మూసుకుంటది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో హైమెన్‌డార్ఫ్ కాలం నుంచి దర్బార్ జరుగుతోంది. భూమి, రోడ్డు, కరెంటు, బడి అర్జీలు ఇస్తం. ఈసారి వాటి పక్కన ఒక కాగితం ఇది కూడా ఉండాలి: సంత రోజు దంత వైద్యం, షుగర్ పరీక్ష రోజు చిగుళ్ళ పరీక్ష, రేషన్ దుకాణంలో జొన్న. అంతకంటే ముందు రాయ్ సెంటర్లలో పెద్దల ముందు ఈ సంగతి చర్చకు పెట్టాలి, పెద్దలు ఒప్పుకుంటే గూడెం కదులుతది. అర్జీ తెలుగులో రాసి పెట్టాం. ప్రతి గూడెంలో షుగర్ ఉన్నవాళ్ళు ఎందరు, వాళ్ళలో పళ్ళు కదిలేవాళ్ళు ఎందరు అని ఇంటింటికీ అడిగి రాయడానికి చదువుకున్న పిల్లలు కావాలి, పేర్లు వద్దు, అంకెలు చాలు. గోండీలో, కొలామీలో అడగగలిగేవాళ్ళు ముందు రండి. కాలేజీ సెలవులు మొదలవగానే మొదటి వారం ఇదే పని.